పదో మొక్క

ఫోను బల్ల మీద వణుకుతూ మోగుతోంది. ముగ్గురూ దానివంకే చూస్తున్నారు తప్ప ఎవరూ చెయ్యి చాపలేదు.

మోగి మోగి ఆగిపోయింది.

“పొద్దుట్నించి ఇది అయిదోసారి,” అన్నాడు లిఫ్టు మెకానిక్. “తీయకపోతే వదిలేస్తాడనుకుంటున్నావా?”

అతని భార్య ఫోన్ని బోర్లా పెట్టింది. వీధిలో అందరూ ఆమెను టైపమ్మ అంటారు. పొద్దస్తమానం కిటికీ పక్కన కూర్చుని టకటకలాడిస్తుందని ఆ పేరు. చిన్న చిన్న వెబ్‌సైట్లు నడిపేవాళ్ళ దగ్గర వ్యాసాల పని ఒప్పుకుంటుంది. కొన్ని తను రాస్తుంది, మిగిలినవి నలుగురికి పంచి రాయిస్తుంది, సరిచూసి పంపుతుంది. కుక్కల పెంపకం, జుట్టు రాలడం, గోడల చెమ్మ, పసిపిల్లల జలుబు... ఏది అడిగితే అది. మూడు నెలల క్రితం భర్త లిఫ్టు గోతిలో పడి నడుం విరగ్గొట్టుకున్నప్పటి నుంచీ ఇల్లు ఆ టకటక మీదే నడుస్తోంది.

ఆ నలుగురిలో ఒకరు ఆమె మామగారు. ముప్ఫై ఏళ్ళు బడిలో సైన్సు చెప్పి రిటైరైన మాస్టారు. ఇప్పుడు ఆయన గోడకు ఆనించిన మంచం మీద కూర్చుని ఉన్నారు. చేతిలో టీ గ్లాసు చల్లారి మీగడ కట్టింది.

“నాన్నా, నిన్నే అడుగుతున్నాను,” అన్నాడు కొడుకు. “తెలీకపోతే తెలీదని చెప్పొచ్చుగా? పిల్లలున్న ఇంట్లో పెట్టుకోమని ఎలా రాశావ్?”

మాస్టారు గ్లాసులోకే చూస్తున్నారు.

నిన్న సాయంత్రం మొక్కల సైటులో, ఆ వ్యాసం అడుగున, ఒక తల్లి నాలుగు వాక్యాలు రాసింది. ‘పసిపిల్లలున్న ఇంట్లో పెంచుకోదగ్గ పది మొక్కలు అని మీరు రాసింది చదివి చుక్కల ఆకు మొక్క కొన్నాను. మా పాపకి ఏడాదిన్నర. ఆకు నమిలింది. నాలుక వాచిపోయి ఊపిరాడక ఆసుపత్రిలో గొంతులో గొట్టం వేశారు.’ కింద తన ఫోన్ నంబరు ఇచ్చింది. ఇంకేం లేదు. తిట్టు కూడా లేదు.

టైపమ్మ ఆ నాలుగు వాక్యాలూ ఎన్నిసార్లు చదివిందో. ఇప్పుడు కళ్ళు మూసుకున్నా కనిపిస్తున్నాయి.

ఫోను మళ్ళీ మోగింది. ఈసారి ఆమె తీసి, అందరికీ వినపడేలా పెట్టింది.

“మేడమ్,” అన్నాడు సైటాయన. ఆయన్ని వాళ్ళెవరూ చూడలేదు. ముప్ఫై సైట్లకు యజమాని అనీ, ఎప్పుడూ తింటూ మాట్లాడతాడనీ మాత్రమే తెలుసు. “వ్యాసం పీకేశాను. సైటులో దాని ఆనవాలు కూడా లేదు. ఆ సంగతి మర్చిపోండి.”

“పాపకెలా ఉందండీ?”

“ఏ పాపకి? ఓ... అది నాకెలా తెలుస్తుంది మేడమ్? నాకు తెలిసిందల్లా వాళ్ళ నాన్న లాయరుని వెంటేసుకుని తిరుగుతున్నాడని. రాసిందెవరు అంటున్నాడు. నేనైతే రాయలేదు.”

“వ్యాసం కింద డాక్టరమ్మ ఫొటో ఉందిగా?” మెకానిక్ ఫోనువైపు అరిచాడు. “ముప్ఫై రెండు పళ్ళూ బయటపెట్టి నవ్వుతోంది. ఆవిణ్ణే అడగమనండి!”

“ఆవిడ లేదండీ,” అన్నాడు సైటాయన తాపీగా. “ఫొటో ఎక్కడో దొరికింది. పేరు నేనే పెట్టాను. చూడండి మేడమ్, ఎవరిచేత రాయించారో వాళ్ళచేతే ఒక కాగితం రాయించండి. ఈ వ్యాసం నేనే రాశాను, తప్పుకు పూర్తి బాధ్యత నాదే అని. సంతకం పెట్టించి ఫొటో తీసి పంపండి. రెండింటికల్లా రావాలి. వస్తే మన పని మామూలే. రాకపోతే మీ పేరు ఇచ్చేస్తాను. మళ్ళీ నా సైట్లలో మీకు ఒక్క వాక్యం రాసే పని కూడా ఉండదు.”

ఫోను పెట్టేశాడు.

గోడ గడియారం పదకొండు దాటింది. పక్కవాటాలో ఎవరో కుక్కర్ మూత గట్టిగా కొట్టి తెరుస్తున్నారు.

“రాసిస్తాను,” అన్నారు మాస్టారు.

“ఏం రాసిస్తావ్? రేపు స్టేషనుకి రమ్మంటే? డెబ్భై రెండేళ్ళ మనిషివి, మెట్లు దిగడానికే గోడ పట్టుకుంటావు!”

“మరెవరు రాసివ్వాలిరా? రాసింది నేనేగా.”

“నువ్వేనని అంత గట్టిగా గుర్తుందా నీకు?”

“గుర్తులేదు,” అన్నారు మాస్టారు. “అదేరా నా భయం. ఈమధ్య నాకేదీ నిలవట్లేదు. మొన్న టీలో ఉప్పు కలుపుకోలేదూ? తాగేదాకా తెలీలేదు. అలాగే ఇదీ ఏదో ధ్యాసలో రాసేసి ఉంటాను.”

కొడుకు బెల్టు కట్టిన నడుం పట్టుకుని మెల్లగా కుర్చీలో కూలబడ్డాడు. తర్వాత భార్యవైపు తిరిగాడు.

“నువ్వు చదవలేదా పంపేముందు?”

“చదివాను.”

“చదివి?”

ఆమె మామగారి చేతిలోని చల్లారిన గ్లాసు తీసుకుంది.

“ఆయన రాసిచ్చిన కాగితాలు దాస్తావుగా. తియ్యి. ఏం రాసిచ్చాడో చూద్దాం. కనీసం నిజం ఏంటో తెలుస్తుంది.”

“తీయక్కర్లేదురా,” అన్నారు మాస్టారు. “నా తప్పు నా రాతలో చూసుకోవడం దేనికి?”

“తియ్యి,” అన్నాడు అతను మళ్ళీ.

టైపమ్మ లోపలి గదిలోకి వెళ్ళింది.

మాస్టారికి టైపు రాదు. గీతల కాగితాల మీద గుండ్రంగా, బోర్డు మీద రాసినట్టు రాసిస్తారు. ఆమె టైపు చేస్తుంది. కాగితాల్ని పారేయబుద్ధి కాక అలమరాలో కట్టకట్టి పెడుతుంది. కింద కూర్చుని కట్టలు ఒక్కొక్కటే విప్పింది. బల్లుల గురించి, బావినీళ్ళ గురించి, కళ్ళజోడు తుడిచే పద్ధతి గురించి. తొమ్మిదో పదో కట్టలో దొరికింది.

మొదటి పేజీ. తులసిమొక్క నుంచి మొదలుపెట్టి వరసగా తొమ్మిది మొక్కలు. ఒక్కోదానికి ఒక్కో పేరా.

తర్వాత ఒక గీత. గీత కింద, ఎర్ర సిరాతో:

‘పదోది రాయడం లేదు. దాని బదులు ఒక హెచ్చరిక. పసిపిల్లలున్న ఇంట్లో చుక్కల ఆకు మొక్కను ఎట్టి పరిస్థితిలోనూ పెంచకూడదు. ఆకు నమిలితే నాలుక, గొంతు వాచి ఊపిరికి అడ్డం వస్తుంది.’

ఆమె మూడుసార్లు చదివింది. అక్షరాలు మారలేదు.

అప్పుడు గుర్తొచ్చింది, ఒక్కసారిగా, దుమ్ము మొహాన కొట్టినట్టు. భర్తకు ఆపరేషన్ జరుగుతున్న రోజు. ఆసుపత్రి వసారాలో ఇనపకుర్చీ. ఒడిలో లాప్‌టాప్, దాని మీద ఈ కాగితం. ఆరు వ్యాసాలు మధ్యాహ్నానికల్లా పంపాలి. శీర్షికలో పది ఉంది, కాగితంలో తొమ్మిదే ఉన్నాయి. ‘పది అంటే పది ఉండాలి మేడమ్, లేకపోతే తిప్పి పంపుతాను,’ అని సైటాయన అంతకుముందే రెండుసార్లు తిప్పి పంపాడు. అవతల తలుపు తెరిచి నర్సు ఎవరి పేరో పిలుస్తోంది. తమ పేరేమోనని లేచి నిలబడే టైపు చేసింది. పెంచకూడదు తీసేసి పెంచవచ్చు అని పెట్టింది, వాపు గురించిన వాక్యం కొట్టేసింది. నీడలో కూడా బతుకుతుందని, పిల్లల కళ్ళకు హాయిగా ఉంటుందని రెండు వాక్యాలు తన సొంతంగా అతికించింది. ఆ మొక్క ఎలా ఉంటుందో కూడా ఆమెకు తెలీదు.

నిమిషం పట్టిందేమో. అంతే.

“దొరికిందా?” ముందుగదిలోంచి భర్త కేక.

వ్యాసం సైటులో లేదు. పీకేశానని ఆయనే చెప్పాడు. ఇక ప్రపంచం మొత్తంలో ఆ ఎర్రసిరా ముక్క ఈ కాగితం మీదే ఉంది. ఇది లేకపోతే లేదు.

ఆమె చేతులు కాగితాన్ని మడుస్తున్నాయి. నాలుగు మడతలు. ఎనిమిది.

“దొరికిందా అంటే!”

“లేదండీ,” అంది టైపమ్మ.

అనేశాక, ఆ మాట తన గొంతులోంచే వచ్చిందా అని ఆమెకే అనుమానం వచ్చింది. కాగితం గుప్పిట్లో పెట్టుకుని బయటికి వచ్చింది.

మాస్టారు అప్పటికే అట్ట ఒళ్ళో పెట్టుకుని కాగితం రాస్తున్నారు. “ఏ తారీఖున ఇచ్చానమ్మా నీకు?” అని అడిగారు.

ఆమె చెప్పింది. గుర్తుండకుండా ఎలా ఉంటుంది, ఆపరేషన్ తారీఖు.

ఆయన రాసుకున్నారు. “‘పూర్తి బాధ్యత నాదే’ అన్నాడు కదూ? బాధ్యతకు ముందు ‘సంపూర్ణ’ పెడితే బాగుంటుందేమో.”

“నాన్నా, అది పెళ్ళి శుభలేఖ కాదు,” అన్నాడు కొడుకు. అని, మొహం పక్కకు తిప్పుకున్నాడు. అతని భుజాలు కదులుతున్నాయి.

మాస్టారు సంతకం పెట్టారు. కింద వయసు వేశారు. కలం మూత పెట్టి కోడలివైపు చూశారు.

“ఇది పంపేముందు నాకో పని చేసిపెట్టమ్మా. ఆ తల్లి నంబరు కలుపు.”

“వద్దు మామయ్యా!”

“వాళ్ళు నోటికొచ్చినట్టు తిడతారు నాన్నా.”

“తిట్టనీరా. ముప్ఫై ఏళ్ళు ఊళ్ళో పిల్లలందర్నీ తిట్టాను. ఒక్కసారి తిట్టించుకుంటే అరిగిపోను. మొహం చాటేసి కాగితం పంపడం నావల్ల కాదు. కలుపమ్మా.”

కలపకుండా ఉండటానికి ఆమెకు ఏ కారణమూ దొరకలేదు. కలిపి, అందరికీ వినపడేలా పెట్టి, ఫోను ఆయన చేతికిచ్చింది.

రెండో రింగుకే ఎత్తారు. ఆడమనిషి గొంతు, ఏడ్చి ఏడ్చి ఎండిపోయిన గొంతు. “ఎవరండీ?”

“అమ్మా, నేను... ఆ మొక్కల వ్యాసం రాసినవాణ్ణి.”

ఆమె వెనకాల ఏదో మిషను పీప్ పీప్‌మంటోంది. మెకానిక్ కళ్ళు మూసుకున్నాడు.

“మీరా?” అందామె. తిట్టలేదు. గొంతు ఒక్కసారిగా పైకి లేచింది. “అయితే అది ఏ మొక్కో మీకు తెలుసా? డాక్టర్లు నిన్నట్నించి అదే అడుగుతున్నారు. కోపంలో మా ఆయన దాన్ని కుండీతో సహా చెత్తబండిలో పారేశాడు. షాపువాడు చుక్కల ఆకు అంటాడు తప్ప అసలు పేరు తెలీదంటాడు. డాక్టర్లేమో అలాంటివి రకరకాలుంటాయి, కొన్ని గుండెకి కూడా ప్రమాదం అంటున్నారు.”

మాస్టారు మంచం మీద నిటారుగా కూర్చున్నారు.

“ఆకు ఎంత ఉంది తల్లీ? అరచెయ్యంతా, అంతకన్నా పెద్దదా?”

“పెద్దదండీ. రెండు అరచేతులంత.”

“మధ్యలో తెల్లగా, పసుపుగా మచ్చలు? అంచు మాత్రం పచ్చగా?”

“అవునండీ, అవును.”

“కాడ లావుగా, చెరుకు కణుపుల్లాగా?”

“కణుపులున్నాయండీ! అదే!”

“అయితే రాసుకో. డీఫెన్‌బేకియా. డాక్టరుకి ఆ మాట చాలు.” ఆయన ఒక్కో అక్షరం విడదీసి చెప్పారు. మళ్ళీ చెప్పించుకున్నారు. “దాని ఆకులో కంటికి కనపడని సూదుల్లాంటివి ఉంటాయమ్మా. నమిలితే నోట్లో, గొంతులో గుచ్చుకుని వాపు వస్తుంది. గుండె సంగతి మామూలుగా ఉండదు, భయమంతా ఊపిరితోనే. గొట్టం వేసి మంచిపని చేశారు. వాపు దిగాలి, దానికి కొంచెం టైం పడుతుంది. పాప కళ్ళు నలుపుకుందా? ఆ ఆకు రసం కంట్లో పడినా ప్రమాదమే, చూడమని చెప్పు.”

“ఒక్క నిమిషం... నర్సూ! నర్సమ్మా!”

చెప్పుల చప్పుడు. దూరంగా మాటలు. మాస్టారు ఫోను మీదికి వంగి వింటున్నారు. ముప్ఫై ఏళ్ళ కిందట క్లాసులో ఎలా ఉండేవారో ఇప్పుడలాగే ఉన్నారు. ఉప్పు కలుపుకున్న ముసలాయన ఎక్కడా లేడు.

ఆమె తిరిగి వచ్చింది. “డాక్టరుకి చెప్పానండీ. పుస్తకంలో చూస్తున్నారు. మీరు చెప్పిందే అంటున్నారు.” ఏడుపు మళ్ళీ వచ్చిందామెకు, వెక్కిళ్ళతో. కాసేపటికి తేరుకుంది.

“ఇంత తెలిసినవారు,” అంది, “మరి అలా ఎందుకు రాశారండీ?”

మాస్టారు ఫోను దించారు.

ఆయన తన చేతులవైపు చూసుకున్నారు. అట్ట మీది సంతకం వైపు చూశారు. తర్వాత మెల్లగా, తల తిప్పి, కోడలివైపు చూశారు.

ఆ చూపులో కోపం ఉన్నా ఆమె తట్టుకునేది. అది ప్రశ్న కూడా కాదు. లెక్క తేలిపోయిన మొహం.

టైపమ్మ ముందుకు వచ్చి ఆయన చేతిలోంచి ఫోను తీసుకుంది.

“ఆయన అలా రాయలేదమ్మా,” అంది. “పెట్టుకోవద్దనే రాశారు. నేను మార్చాను. పది మొక్కలు ఉండాలన్నారని పదోదిగా కలిపేశాను. ఆయన రాసిన కాగితం నా దగ్గరే ఉంది.”

“ఏయ్!” అన్నాడు భర్త, కుర్చీలోంచి సగం లేచి. నడుం నొప్పికి మళ్ళీ కూలబడ్డాడు.

అవతల మిషను పీప్ పీప్‌మంటూనే ఉంది.

“పది ఉండాలనా?” అంది ఆ తల్లి.

“అవునమ్మా.”

“మీకు పిల్లలున్నారా?”

“ఒక పాప. ఎనిమిదేళ్ళు. బడికెళ్ళింది.”

“నాలుగింటికి డాక్టరు మళ్ళీ చూస్తానన్నారు. మీరు రండి. ఆ కాగితం తీసుకుని రండి. మిమ్మల్ని ఏం చెయ్యాలో నాకు తెలీదు. ముందు వచ్చి నా కూతుర్ని చూడండి.” ఆసుపత్రి పేరు, వార్డు నంబరు చెప్పి పెట్టేసింది.

టైపమ్మ గుప్పిట విప్పింది. చెమటకు మడతల దగ్గర ఎర్రసిరా అలుక్కుపోయింది. అయినా చదవడానికి వస్తోంది. బల్ల మీద పరిచి పెట్టింది.

మెకానిక్ చదివాడు. మళ్ళీ చదివాడు. “ఇందాక లేదన్నావ్,” అన్నాడు గొంతు తగ్గించి. “ఆయన సంతకం పెడుతుంటే చూస్తూ నిలబడ్డావ్. తారీఖు కూడా చెప్పావ్.”

“చెప్పాను.”

“నా ఎదురుగా మా నాన్న...” అతను ఆగాడు. తర్వాత ఇంకోరకం గొంతుతో, బతిమాలుతున్నట్టు: “ఫోన్లోనేగా అన్నావ్. అనలేదని చెప్పొచ్చు. నువ్వు స్టేషనుకెళ్తే పిల్లనెవరు చూస్తారు? నేను వంగి చెప్పులు కూడా వేసుకోలేను. ఆలోచించు.”

“అనేశానండీ,” అంది ఆమె. “ఇక నావల్ల కాదు.”

మాస్టారు తను రాసిన కాగితాన్ని అట్ట మీంచి తీసి జేబులో పెట్టుకున్నారు. చింపలేదు. లేచి గోడ పట్టుకుని లోపలి గది గుమ్మం దాకా నడిచారు. నేల మీద పరిచి ఉన్న కట్టల్ని చూస్తూ నిలబడ్డారు.

“అమ్మాయ్,” అన్నారు వెనక్కి తిరగకుండా. “నేనిచ్చినవి నలభైకి పైనే ఉంటాయి. ఇంకెన్నిట్లో మార్చావ్?”

“గుర్తులేదు మామయ్యా.”

“గుర్తు తెచ్చుకో.”

తెచ్చుకుంది. ఎక్కువసేపు పట్టలేదు. పసిపిల్లల జ్వరం. ఆయన పిల్లల బరువును బట్టి మందు ఎంత వెయ్యాలో పట్టిక గీసి ఇచ్చారు. అందరూ వయసు కొట్టి వెతుకుతారు, వయసువారీగా కావాలన్నాడు సైటాయన. ఆమె బరువులు తీసేసి, అంచనాగా, నెలలు పెట్టింది.

ఆ సంగతి పైకి చెప్పలేకపోయింది. మాస్టారు వెనక్కి తిరిగారు; ఆయన మొహం చూస్తే చెప్పకుండానే చేరినట్టుంది.

ఆమె ఫోను తీసుకుని సైటాయనకు తనే చేసింది.

“వచ్చిందా మేడమ్ కాగితం?” నోట్లో ఏదో నములుతూ అన్నాడు.

“పేరు నాదే ఇవ్వండి. చిరునామా కూడా పంపుతాను. ముందు మీ పిల్లల ఆరోగ్యం సైటు తీసేయండి. మొత్తం. ఇప్పుడే. జ్వరం మందు వ్యాసంలో తప్పుంది.”

నమలడం ఆగింది.

“ఆ సైటు నా దగ్గర లేదు మేడమ్. పోయిన నెలే అమ్మేశాను.”

“ఎవరికి?”

“ఎవరో. పేరు ఎవరడుగుతారు ఈ వ్యాపారంలో? ఇలాంటివి కొని వేరే భాషల్లోకి తిప్పించుకుంటారట. ఈపాటికి నాలుగైదు భాషల్లో పెట్టేసుంటారు.”

“ఏ భాషల్లో?” అంది టైపమ్మ. “ఏ భాషల్లోనండీ?”

అవతల మనిషి పెట్టేసి అప్పటికే చాలాసేపయింది. ఆమె మాత్రం ఫోను చెవి దగ్గరే పెట్టుకుని అడుగుతూనే ఉంది.